జమైకాకు ఇల్లరికపుటల్లుడు

పరుగుపందెంలో ఏ దేశపు నల్లవాడు నెగ్గినా సరే, వాడి అమ్మమ్మది జమైకాలో ఏ జిల్లాయో తేల్చి చెప్పగలిగిన మనిషి బర్మింగ్‌హామ్ మొత్తం మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు ఆస్బర్ట్ క్లాక్స్టన్. ఇనుప ఫౌండ్రీలో ఒళ్ళు కాల్చుకుని రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నెత్తిన ఫెల్టు టోపీ పెట్టుకుని, హాండ్స్‌వర్త్ పేటలో లిన్వల్ సెలూన్‌కు రోజూ ఉద్యోగానికి వెళ్ళినట్టు వెళ్ళేవాడు. కిటికీ పక్క కుర్చీ ఆయనది. అందులో ఇంకొకరు కూర్చోవడం ఎవరూ చూడలేదు. క్షవరానికి వచ్చేవాడని అందామా అంటే, ఆ టోపీ కింద కత్తెరకు పని చెప్పేటంత జుట్టు మిగల్లేదు.

సెలూన్ గోడకు జమైకా పటం ఒకటి కొట్టి ఉండేది. బడిలో వేలాడే పటం కాదు. గిన్నెలు తుడుచుకునే తువ్వాలు, దాని మీద జిల్లాలన్నీ రంగురంగుల్లో అచ్చువేసి ఉంటాయి. మా వీధుల్లో అలాంటి తువ్వాలుతో గిన్నెలు తుడిచిన ఆడది లేదు. పతకం వచ్చినప్పుడల్లా లిన్వల్ దాని మీద ఒక గుండుసూది గుచ్చేవాడు. జమైకా చొక్కా తొడుక్కుని నెగ్గినవాళ్ళ సంగతి సరే, వాళ్ళ ఊళ్ళు అందరికీ తెలిసినవే. తమాషా అంతా పరాయి చొక్కాల్లో నెగ్గినవాళ్ళతోనే.

అమెరికా కుర్రాడెవడో ఛాతీ ముందుకు చాచి గీత దాటేవాడు. సెలూన్‌లో చావుకబురు విన్నంత నిశ్శబ్దం. లిన్వల్ కత్తెర పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగేవాడు.

"చెప్పండి మిస్టర్ క్లాక్స్టన్. ఎవరి తాలూకు?"

క్లాక్స్టన్ తొందరపడేవాడు కాదు. ఇంటిపేరు అడిగేవాడు. కుర్రాడు జెండా కప్పుకుని నడిచే నడక చూసేవాడు. కాసేపు కళ్ళు మూసుకునేవాడు.

"అమ్మమ్మ క్లారెండన్ జిల్లా మనిషి. మొగుడు చెరకు కోతకి ఫ్లోరిడా పోతే వెనకాలే పోయింది. ఆ తొడలు చూడవయ్యా! అమెరికా బన్నులు తింటే వచ్చే తొడలా అవి? మూడు తరాల పెండలం కూరుంది వాటిల్లో."

"అదీ మాట!" అని సెలూన్ ఊపిరి పీల్చుకునేది. క్లారెండన్ మీద సూది పడేది. అమెరికా గెలుపు అరగంటలో మన గెలుపైపోయేది. కెనడావాడు నెగ్గితే తల్లి సెయింట్ మేరీ. లండన్‌వాడైతే అసలు అడగక్కర్లేదు. ఒక ఏడాది నార్వే తరఫున ఉరికిన నల్లపిల్లకి కూడా ఆయన సెయింట్ ఎలిజబెత్‌లో ఒక అమ్మమ్మని చూసిపెట్టాడు. ఓడిపోయినవాళ్ళకి మాత్రం ఆయన దగ్గర అమ్మమ్మలు ఉండేవారు కాదు. నెగ్గినవాడు తర్వాతెప్పుడో మందు మింగి పట్టుబడ్డాడని పేపర్లో వస్తే, "మళ్ళీ విచారించానోయ్, ఆ ముసలమ్మది బార్బడోస్ అట," అని ఆయనే లేచి సూది పీకేసేవాడు.

దీనికి అడ్డం తగిలేవాడు ఫెస్టస్ ఒక్కడే. లేగోస్ నుంచి వచ్చి టాక్సీ నడుపుకునే మనిషి. నైజీరియా రిలే జట్టు బేటన్ జారవిడిచిన ప్రతిసారీ ఈ సెలూన్‌లో అవమానం పాలై, అయినా ఇక్కడికే వచ్చి గడ్డం గీయించుకునేవాడు.

"అంకుల్, అమ్మమ్మల లెక్కే లెక్కైతే, మీ అమ్మమ్మల అమ్మమ్మలు ఎక్కడోళ్ళు? ఓడెక్కింది మా తీరంలో కాదా? అట్లా చూస్తే మీ సూదులన్నీ మావే. పీకి ఇటివ్వండి."

"ఓడెక్కించింది కూడా మీరేగా!" అనేవాడు లిన్వల్. "అమ్ముకున్న గేదె ఈనిందని దూడ కోసం వచ్చావా?"

ఫెస్టస్ కూడా నవ్వేవాడు. నవ్వుతూనే, వచ్చే ఒలింపిక్స్‌కి మావాళ్ళని చూద్దురుగాని అనేవాడు. ఆ మాట ఎన్ని ఒలింపిక్స్‌గా అంటున్నాడో అతనికే తెలియదు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ఇన్ని సూదులు గుచ్చించిన క్లాక్స్టన్ జమైకా నేల మీద కాలు పెట్టింది జన్మలో ఒక్కసారి. అదీ అత్తగారి అంత్యక్రియలకి.

ఆయన పుట్టింది జమైకాకు తూర్పున, ఎక్కడో సముద్రం నడుమ ఉన్న నీవిస్‌లో. నడుమ ఒక కొండ, కొండ నెత్తిన ఎప్పుడూ ఒక మబ్బు, చుట్టూ సముద్రం. అంతే దేశం. తల్లి చిన్నప్పుడే పోతే అక్క ఆల్మిరా చేతి ముద్ద తిని పెరిగాడు. ఓడెక్కించిందీ ఆవిడే. బర్మింగ్‌హామ్‌లో దిగాక ఫౌండ్రీ మేస్త్రీ ఏ ఊరని అడిగాడు. నీవిస్ అన్నాడు. ఆ పేరు మేస్త్రీ వినలేదు. వినడానికి తీరికా లేదు. "జమైకాలోనేనా?" అని తనే జవాబు చెప్పుకుని ముందుకు పోయాడు. తెల్లవాళ్ళకి ఆ రోజుల్లో నల్లవాళ్ళందరూ జమైకావాళ్ళే. వీధిలో తిట్టినా జమైకాకి పొమ్మనే తిట్టేవాళ్ళు. అద్దె గది దగ్గర బాధ ఇంకో రకం. అక్కడ నిజమైన జమైకావాళ్ళు ఉండేవారు. చిన్న దీవి మనిషి దొరికితే వాళ్ళకి పండగ.

"మీ దీవిలో కాళ్ళు చాపుకుని పడుకుంటే తెల్లారేసరికి పాదాలు తడుస్తాయటగా?"

"సముద్రం పోటెత్తితే దీవిని చంకన పెట్టుకుని గట్టెక్కుతారా, వదిలేసి పోతారా?"

క్లాక్స్టన్ ఆలోచించాడు. తిట్లు ఎలాగూ జమైకావాడిగానే పడుతున్నాం, గొప్పలు మాత్రం ఎందుకు వదులుకోవాలి అనుకున్నాడు. గది మారాడు. ఆ శనివారమే ఒకరింటి నేలమాళిగలో డాన్సుకు వెళ్ళి, పసుపు గౌను వేసుకున్న ఒక పిల్ల ఎదుట తన కొత్త పుట్టుకను ప్రకటించాడు.

"మీదే ఊరు?" అందా పిల్ల.

"జమైకా."

"జమైకాలో?"

"ట్రెలానీ జిల్లా." ఆ పేరు ఎక్కడో చెవిన పడింది.

"అవునా! మాదీ ట్రెలానీయే. ఎక్కడ?"

"నది పక్కన."

"ఏ నది?"

"పెద్ద నది."

ఆ పిల్ల గోడ పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "అబ్బాయ్, నువ్వే చిన్న దీవి నుంచి కొట్టుకొచ్చావు?" అంది. ఆవిడే ఐసిల్డా. పెళ్ళికి ముందే ఆవిడ తన ఊరిని అతనికి ఇచ్చేసింది. పెండలం తోటల వరసలు, నది పేరు, బెత్తం విరిగేలా కొట్టే బడి మేష్టారి పేరు, ఎవరి మేక ఎవరి తోటలో పడిందో ఆ తగాదాలతో సహా. "తీసుకో. ఇక్కడ దాంతో నాకు పనేముంది? ఊరికే పడుంది," అంది. మనవైపు మగవాడు అత్తారింటికి ఇల్లరికం పోతాడు. క్లాక్స్టన్ ఏకంగా దేశానికే పోయాడు.

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలెక్కువ అన్నట్టు, ఆ తర్వాత ఆయనంత జమైకావాడు హాండ్స్‌వర్త్‌లో లేకుండా పోయాడు. డామినో బిళ్ళ బల్ల మీద కొడితే పక్కింటి కుక్క మొరిగేది. చిన్న దీవుల మీద జోకులకు కూడా ఆయనే పెద్ద దిక్కు. "నీవిస్‌లో వంద మీటర్ల పందెం పెట్టలేరోయ్. అరవై దాటగానే సముద్రంలో పడతారు!" అన్నది ఆయన కట్టిన మాటే. సెలూన్‌లో దానికి మంచి పేరొచ్చింది. ఆ మాట అన్న రోజు ఐసిల్డా అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, తినే దాకా ఆయన ముఖం కేసే చూసింది.

ఆదివారం ఆదివారం ఆల్మిరా ఫోన్ చేసేది. తమ్ముడు ఇక్కడ ఎవరుగా చెలామణి అవుతున్నాడో ఆవిడకు తెలియదు. ఆవిడ చెప్పేదంతా మనవడి గురించే. జెర్విన్ అని, కూతురి కొడుకు. మామిడిచెట్టు మీద కోతులు పడితే వాడే వాటిని కొండ దాకా తరిమేవాడట. బడి పందేల్లో నెగ్గాడని మొదలై, తర్వాత దీవి పందేలు, ఆ తర్వాత ఏవో పెద్ద పందేలు. క్లాక్స్టన్ ఊఁ కొట్టేవాడు. మనవళ్ళ గురించి ముసలమ్మలు చెప్పేదాంట్లో సగం తీసెయ్యాలని ఆయన లెక్క. అమ్మమ్మల సంగతి ఆయనకు తెలియనిదా!

ఆ ఏడు ఆగస్టులో ప్రపంచ పోటీలు వచ్చాయి. శనివారం వంద మీటర్ల తొలి పరుగులు. సెలూన్ నిండా జనం. చివరి వరసలో ఒక సన్నటి కుర్రాడు, చొక్కా మీద ఎవరూ గుర్తుపట్టని జెండా, కష్టపడకుండా ముందుకొచ్చి నెగ్గాడు. తెర మీద పేరు పడింది: జెర్విన్ హాన్లీ, సెయింట్ కిట్స్-నీవిస్.

"ఎవడ్రా వీడు?"

"చిన్న దీవోడు. దారి తప్పి వచ్చుంటాడు."

"ఒరేయ్, వీడికి అరవై దాటాక ఈత కదా! మిస్టర్ క్లాక్స్టన్, మీ మాట అబద్ధమైపోయిందే!" అన్నాడు లిన్వల్.

అందరూ పడీపడీ నవ్వారు. క్లాక్స్టన్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని, తనూ నవ్వాడు. నవ్వక ఏంచేస్తాడు, జోకు తనదే కదా.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఆసీ! చూశావా నా బిడ్డని?"

"చూశానక్కా."

"ఇవ్వాళ ఫైనల్ అట. ఊరు ఊరంతా చర్చి మానేసి రమ్ము కొట్టు దగ్గర చేరింది, ఫాదర్‌తో సహా. నీకక్కడ చాలామంది తెలుసటగా? వాడు పరిగెత్తేప్పుడు వాళ్ళందరికీ చెప్పు. వీడు నా అక్క మనవడు, నా రక్తం అని. ఇక్కడ మేమున్నాం గానీ, అక్కడ వాణ్ణి మావాడనేవాళ్ళు ఎవరున్నారు? పెద్ద దేశాలోళ్ళకి గుంపులు గుంపులు. వాడికి నువ్వొక్కడివేరా."

క్లాక్స్టన్ తలూపాడు.

"తలూపుతున్నావు కదూ? ఫోన్లో తలూపితే నాకు కనబడదు. నోటితో చెప్పు."

"చెప్తానక్కా."

ఆ మాట అన్న దగ్గర నుంచి సాయంత్రం దాకా ఆయన గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాడు. చెబితే కుర్చీ పోతుంది. కుర్చీతోపాటు స్నేహాలు, డామినో బల్ల, ఈ ఊళ్ళో ఆయన అనే మనిషి పోతాడు. చెప్పకపోతే అక్క ముందు ముఖం లేదు. దేవుడా, కుర్రాడు ఆఖరున వచ్చేలా చూడు, ఎవరూ ఏమీ అడగరు అని కూడా ఒక క్షణం మొక్కుకున్నాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. కానీ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం సెలూన్‌కు సెలవు. అయినా ఫైనల్ కోసం లిన్వల్ తలుపు తీశాడు. ఐసిల్డా చర్చి నుంచి ఇంటికి పోయి, చర్చి టోపీ కూడా తియ్యకుండా మేకకూర గిన్నె పట్టుకుని వచ్చింది. పందెంలో జమైకావాళ్ళు ఇద్దరు, అమెరికావాళ్ళు ఇద్దరు, ఒక నైజీరియా, ఇంకెవరో ఇద్దరు, అంచున ఆఖరి వరసలో నీవిస్ కుర్రాడు.

తుపాకీ పేలింది. సెలూన్ అంతా ఒక్క గొంతుతో అరిచింది. మధ్యదాకా జమైకావాడిదే. ఆ తర్వాత కెమెరా చూపించని అంచు నుంచి ఒక సన్నటి శరీరం, వెనకాల కోతులు కాదు ముందర కోతులున్నట్టు, దూసుకొచ్చింది. గీత మీద ఎవరు ముందో ఎవరికీ తెలియలేదు. తెర మీద పేరు పడ్డాక తెలిసింది.

అమెరికా నెగ్గినప్పటి నిశ్శబ్దం వేరు. ఇది వేరు. పులి చేతిలో చచ్చినా పరువే గానీ, పిల్లి చేతిలో చచ్చాం అన్నట్టు కూర్చున్నారందరూ. ఫెస్టస్ ఒక్కడే, తనవాడు ఆరోవాడైనా, తొడ కొట్టుకుంటూ నవ్వుతున్నాడు.

లిన్వల్ టీవీ గొంతు తగ్గించాడు. గుండుసూది తీశాడు. ఆశ చావని ముఖంతో కిటికీ వైపు తిరిగాడు.

"చెప్పండి మిస్టర్ క్లాక్స్టన్. ఎవరి తాలూకు?"

ఎంత తేలికో! అమ్మమ్మ సెయింట్ థామస్ జిల్లా మనిషి, పడవ వ్యాపారితో లేచిపోయింది అంటే చాలు, గది లేచి గంతులేస్తుంది. ఇన్నేళ్ళలో ఆయన ఎంతమంది అమ్మమ్మల్ని పుట్టించాడు, ఎవరికీ నొప్పి కలగలేదు. కానీ వీళ్ళందరిలో ఆయనకు అన్నం పెట్టిన చెయ్యి ఒక్కటే.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అమ్మమ్మ పేరు ఆల్మిరా," అన్నాడు. "వేడినీళ్ళ ఊట పక్కన ఇల్లు. ఎడమ చేత్తో రాస్తుంది. చింతపండు ఉండలు బాగా చేస్తుంది. నా సొంత అక్క."

సెలూన్ బద్దలైంది. చప్పట్లు, ఈలలు.

"సొంత అక్కేనట! ఈసారి బయటికెళ్ళకుండా ఇంట్లోంచే తీశాడ్రా!"

"ఎడమ చెయ్యి! ఆ ఎడమ చెయ్యి చూడరా, ఎంత అందంగా తగిలించాడో!"

"మీ అక్కంటే ట్రెలానీయేగా!" అని లిన్వల్ సూది గుచ్చేశాడు.

"ట్రెలానీ కాదు," అన్నాడు క్లాక్స్టన్. గొంతు పెంచాల్సి వచ్చింది. "మా అక్కది నీవిస్. నాదీ నీవిసే. నేను అక్కడే పుట్టాను. చిన్న దీవివాణ్ణి."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. లిన్వల్ ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత ఐసిల్డా వైపు చూశాడు.

"మిస్ ఐసిల్డా, ఈయన ఏమంటున్నాడు?"

ఐసిల్డా కూర గిన్నె మూత సర్దింది. "నిజమే అంటున్నాడు. మా ఊరు నేనే ఇచ్చాను. నలభై ఏళ్ళు వాడుకున్నాడు. నాకంటే జాగ్రత్తగానే వాడుకున్నాడు."

"మరి ఆ అరవై మీటర్ల మాట?"

"అదీ నాదే," అన్నాడు క్లాక్స్టన్. "ఆ మాటన్నందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను."

ఫెస్టస్ నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారాడు. "అయితే అంకుల్, ఈ సూదులన్నీ? క్లారెండన్, సెయింట్ మేరీ, ఆ నార్వే పిల్ల?"

"ఒకటీ అరా నిజమై ఉండొచ్చు," అన్నాడు క్లాక్స్టన్ నిజాయితీగా.

"లిన్వల్, పీకు! అన్నీ పీకు! నేను సాక్ష్యం!"

లిన్వల్ తువ్వాలు వైపు చూశాడు. సగానికి సగం సూదులు ఈ ముసలాయన నోటి మాట మీద నిలబడ్డవే. ఈయన జమైకావాడు కాకపోతే అవన్నీ రాలతాయి, రాలినవి ఏరుకోవడానికి నైజీరియావాడు చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. లిన్వల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో గొడవేముంది? మిస్ ఐసిల్డాది ట్రెలానీ. ఆవిడ మొగుడిది ఏ ఊరు? ట్రెలానీ. మొగుడి అక్క ఈవిడకి ఆడపడుచు. ఆడపడుచు మనవడు మనవాడు కాకపోతే ఇంకెవడు? ఇన్నాళ్ళూ అమ్మమ్మలే చూశాం, ఇవ్వాళ మేనమామ తాత దొరికాడు. రక్తం ఇంకా దగ్గరే! మిస్టర్ క్లాక్స్టన్, కుర్రాణ్ణి ఒకసారి సెలూన్‌కి తీసుకురండి."

"తీసుకురావాల్సిందే!" అని గది గదంతా అరిచింది. ఎవరో క్లాక్స్టన్ భుజం చరిచారు. ఎవరో కూర వడ్డించారు. ఆ కుర్రాడు ఎనిమిదోవాడిగా వచ్చి ఉంటే, క్లాక్స్టన్ ఆ సాయంత్రమే టోపీ పుచ్చుకుని వీధిలో ఉండేవాడు. అది ఆయనకూ తెలుసు.

కుర్చీ పోతుందని నలభై ఏళ్ళు భయపడ్డాడు. కుర్చీ పోలేదు. పోయింది అక్క. వేడినీళ్ళ ఊట పక్కన చింతపండు ఉండలు చుట్టే మనిషిని తీసుకొచ్చి, ఎన్నడూ చూడని పెండలం తోటలో గుచ్చి నిలబెట్టారు. ఏళ్ళ తరబడి ఎంతమంది ముసలమ్మలకి తను చేసింది ఇదేనని క్లాక్స్టన్‌కు ఆ రోజు తెలిసింది.

ఆయన లేచి వెళ్ళి ట్రెలానీ మీంచి సూది పీకాడు. తువ్వాలు అంచు దాటి, గోడవెంట తూర్పుకి నడిచాడు. అద్దాలు దాటాడు. మధ్యలో సముద్రం ఎంతుంటుందో ఓడలో వచ్చినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కిటికీ దగ్గర, తన కుర్చీకి కాస్త పైన ఆగి, ఉత్త గోడకు సూది గుచ్చాడు. సున్నం రాలింది. సూది వంగి కింద పడింది. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ పడింది.

"అది గోడకి ఆగదులే, రండి. ట్రెలానీలో సుఖంగా ఉంటుంది," అన్నాడు లిన్వల్ ప్రేమగానే.

ఐసిల్డా లేచింది. రెండు చేతులూ ఎత్తి తన చర్చి టోపీలోంచి పొడుగాటి టోపీసూది లాగింది. ముత్యం తలకాయ ఉన్న సూది, వాళ్ళమ్మది, ట్రెలానీ నుంచి తెచ్చుకున్న వస్తువుల్లో మిగిలింది అదొక్కటే.

"ఇదిగో క్లాక్స్టన్. ఇది ఆగుతుంది."

ఆయన బూటు తీసి, దాని మడమతో సూదిని గోడలోకి దిగ్గొట్టాడు. అది ఆగింది. ఫెస్టస్, "నీవిస్‌కి ఒకటి," అన్నాడు మెల్లగా.

ఇంటికి చేరేసరికి ఫోన్ మోగుతోంది. అవతల పక్క డప్పులు, కేకలు, వాటి మధ్య ఆల్మిరా.

"చెప్పావా ఆసీ?"

"చెప్పానక్కా."

"ఏమన్నారు?"

"మావాడే అన్నారు."

"చూశావా ఎంత మంచివాళ్ళో! పరాయి బిడ్డని మావాడన్నారంటే మాటలా? ఆ జమైకావాళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం గానీ!"

క్లాక్స్టన్ తలూపాడు. ఈసారి ఆవిడ నోటితో చెప్పమని అడగలేదు.

టోపీసూదిని లిన్వల్ పీకలేదు. పీకడానికి ప్రయత్నించాడనీ, రాలేదనీ అంటారు. ఆ తర్వాత ఎవరు నెగ్గినా క్లాక్స్టన్ అమ్మమ్మల జోలికి పోలేదు, పేరూ దేశమూ చదివి ఊరుకునేవాడు. సెలూన్ కళ తప్పిందని అందరూ విసుక్కునేవారు. ఐసిల్డా ఇంకో సూది కొనుక్కోలేదు. గాలి వీచే ఆదివారాల్లో ఒక చేత్తో మొగుడి చెయ్యి, ఇంకో చేత్తో నెత్తి మీద టోపీ పట్టుకుని చర్చికి నడిచేది.